పక్కవాడి డాలు

ఇంట్లో పెద్ద ఇత్తడి తాంబాళం ఉంటే తెచ్చుకోండి. లేకపోతే పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు గుండిగల మీద వేసే మూత అయినా ఫరవాలేదు. రెండు మూరల వెడల్పుంటే చాలు. ఎడమ చేతిని మడిచి పొట్టకు అడ్డంగా పెట్టుకోండి. మోచెయ్యి సరిగ్గా ఆ మూత నడిమికీ, పిడికిలి దాని కుడి అంచుకూ వచ్చేలా పట్టుకుని అద్దం ముందు నిలబడండి.

మూతలో కుడి సగం మీ ఛాతీని, పొట్టను కప్పుతోంది. మరి ఎడమ సగం? అది మోచేతిని దాటి గాలిలోకి చొచ్చుకుపోయింది. దాని వెనక మీ ఒళ్ళు లేదు. ఈటె పట్టుకోవలసిన మీ కుడి వైపేమో బోసిగా మిగిలిపోయింది. డాలు అనుకుంటే ఇంతకన్నా పనికిమాలిన డాలు ఉండదనిపిస్తుంది.

ఇప్పుడు ఇంకో ఇద్దరిని పిలవండి. ఒకరిని ఎడమ పక్కన, ఒకరిని కుడి పక్కన భుజానికి భుజం తగిలేలా నిలబెట్టి, వాళ్ళకూ ఇలాగే చెరో మూత ఇవ్వండి. మీ మూతలో మిగిలిపోయిన ఎడమ సగం వెనక్కి ఎడమ పక్కవాడి కుడి భుజం వచ్చి చేరింది. మీ బోసి కుడి భుజాన్ని కుడి పక్కవాడి మూత కప్పింది. ఒంటరి మనిషికి సగమే పనికొచ్చిన వస్తువు వరుసలో నిలబడేసరికి మొత్తం పనికొచ్చింది.

ప్రాచీన గ్రీకుల యుద్ధం గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే నేను ఈ తాంబాళం ప్రయోగమే చేసి చూపిస్తాను. వాళ్ళ బలాలు, భయాలు, గెలుపులు, చివరికి ఓటములు కూడా ఈ సగం డాలు చుట్టూనే తిరిగాయి.

బిందె ఎత్తుకున్నట్టు

ఈ డాలును గ్రీకులు ఆస్పిస్ అనేవారు. దాన్ని మోసే పదాతి సైనికుడు హోప్లైట్. హోప్లా అంటే యుద్ధ సామగ్రి. క్రీ.పూ. 700 ప్రాంతం నుంచి మూడున్నర శతాబ్దాల పాటు గ్రీకు యుద్ధభూమిలో ప్రధాన పాత్ర ఇతనిదే. డాలు వెడల్పు 90 సెంటీమీటర్లు అటూ ఇటూ, బరువు 6 నుంచి 8 కిలోలు.

పైకి కంచులా మెరుస్తుంది గానీ అసలు సరుకు చెక్క. ఇటలీలో ఎట్రుస్కన్ల సమాధిలో దొరికి ఇప్పుడు వాటికన్ మ్యూజియంలో ఉన్న ఒక డాలు ఈ సంగతి తేల్చింది. దానిలో పాప్లర్ చెక్క ఉంది, నడిమి భాగంలో సెంటీమీటరు మందం కూడా లేదు. పైన పల్చటి కంచు రేకు, లోపల తోలు. వేరే చోట దొరికిన మరో డాలులో విల్లో చెక్క కనిపించింది. క్రికెట్ బ్యాట్లు చేసేది ఈ జాతి చెక్కతోనే. బ్యాటుకూ డాలుకూ కావలసిన గుణం ఒకటే: దెబ్బ తగిలితే పగలకూడదు. గట్టి చెక్క ఈటె పోటుకు చీలుతుంది. మెత్తని చెక్క నొక్కుకుపోయి మొనను పట్టేస్తుంది.

ఇక పట్టుకునే తీరు. అంతకుముందు డాళ్ళకు నడిమిన ఒకే పిడి ఉండేది, బరువంతా మణికట్టు మీదే పడేది. ఆస్పిస్‌కు రెండు పట్లు. నడిమిన ఉన్న కంచు పట్టీలోకి ముంజేతిని మోచేతి దాకా దూర్చాలి. అంచు దగ్గరున్న తాడును పిడికిట పట్టాలి. పైగా డాలు లోతు తక్కువ గిన్నెలా గుంటగా ఉండి, దాని అంచు భుజం మీద ఆనుతుంది. నీళ్ళ బిందెను చేత్తో వేలాడేసుకుని నడిస్తే పది అడుగులకే చెయ్యి లాగేస్తుంది. అదే బిందెను చంకనెత్తుకుంటే ఊరి బావి నుంచి ఇంటిదాకా రావచ్చు. బరువు మారలేదు, బరువు ఆనిన చోటు మారింది. హోప్లైట్ డాలు రహస్యం ఇంతే.

లాభం ఉన్నచోట నష్టమూ ఉంటుంది. చెయ్యి పట్టీలో బిగిసిపోయింది కాబట్టి ఈ డాలును అటూ ఇటూ చురుగ్గా తిప్పడం కష్టం. పారిపోయేటప్పుడు వీపుకు తగిలించుకోవడమూ కుదరదు. పారిపోయేవాడు ముందుగా వదిలించుకునేది దాన్నే. అందుకే గ్రీకు భాషలో ‘డాలు పారేసినవాడు’ అనేది పెద్ద తిట్టు. ఏథెన్స్‌లో అది చట్టప్రకారం నేరం కూడా. శిరస్త్రాణం పోగొట్టుకున్నవాడిని ఏమీ అనని స్పార్టావాళ్ళు డాలు పోగొట్టుకున్నవాడిని ఎందుకు అవమానిస్తారని వాళ్ళ రాజు డెమరాటస్‌ను ఎవరో అడిగారట. శిరస్త్రాణం, కవచం ఎవరికోసం వాళ్ళు వేసుకునేవి, డాలు వరుస మొత్తం కోసం మోసేది అని ఆయన జవాబు. గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన ఈ కథ నిజంగా జరిగిందో లేదో గానీ, తాంబాళం ప్రయోగం చేసినవాళ్ళకు అందులోని లెక్క వెంటనే అర్థమవుతుంది.

కంచరి పని, కమ్మరి పని

గ్రీకు సైనికుడి ఒంటి మీద రెండు లోహాలు కనిపిస్తాయి. కాపాడేవన్నీ కంచువి: శిరస్త్రాణం, ఛాతీ కవచం, కాలి పిక్కల తొడుగులు, డాలు రేకు. చంపేవి ఇనుపవి: ఈటె మొన, కత్తి. ఇనుము వచ్చాక కూడా కంచు ఎందుకు మిగిలింది?

కంచులో సుమారు 9 పాళ్ళు రాగి, ఒక పాలు తగరం. దీన్ని కరిగించి అచ్చులో పోయవచ్చు, సుత్తితో కొట్టి పల్చటి రేకుగా సాగదీయవచ్చు. ఆనాటి కొలిమిలో ఇనుము కరిగేంత వేడి పుట్టేది కాదు. స్పాంజిలాంటి ముద్దగా బయటికొచ్చిన ఇనుమును కాల్చి, కొట్టి, చిట్టెం వదిలించాలి. అలాంటి ముద్ద నుంచి ఈటె మొన తీయడం తేలిక. తల పట్టేంత వెడల్పు రేకు తీయడం మహా కష్టం. కాబట్టి మొన కమ్మరి చేతికీ, తొడుగు కంచరి చేతికీ పోయాయి.

కంచరి నైపుణ్యానికి పరాకాష్ఠ కొరింథియన్ శిరస్త్రాణం. తల, చెంపలు, మెడ వెనక భాగం, ముక్కు మీది కడ్డీతో సహా ఒకే కంచు రేకు నుంచి తీసింది. కొట్టేకొద్దీ కంచు గట్టిపడుతుంది, ఇంకా కొడితే పెళుసెక్కి పగులుతుంది. మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి, మళ్ళీ కొట్టాలి. ఎప్పుడు ఆపాలో తెలియడమే విద్య. ఇంత అందమైన వస్తువులోనూ ఒక లోపం ఉంది. చెవులు మూసుకుపోతాయి, పక్కచూపు తగ్గిపోతుంది. దాన్ని పెట్టుకున్నవాడికి ఎదుటివాడు తప్ప లోకం లేదు. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో చాలామంది దీన్ని వదిలి, ముఖమూ చెవులూ తెరిచి ఉండే టోపీలాంటి శిరస్త్రాణానికి మారారు. రక్షణ తగ్గినా ఆజ్ఞలు వినబడ్డాయి.

ఈటె పొడవు రెండు నుంచి రెండున్నర మీటర్లు. ముందు ఇనుప మొన, వెనక కంచు ములుకు. రోకలికి పొన్ను తొడిగినట్టు తొడిగేవారు. ఆ వెనక ములుకు పేరు సౌరోటర్, అంటే బల్లుల్ని చంపేది. పేరు వేళాకోళంగా ఉన్నా దాని పనులు గట్టివి. ఈటెను నేలలో గుచ్చి నిలబెట్టవచ్చు, తడి మట్టిలో కంచు ఇనుములా తుప్పు పట్టదు. ముందు మొన విరిగితే వెనక ములుకే ఆయుధం. అన్నిటికన్నా ముఖ్యమైనది తూకం. వెనక బరువుంటే తూగే చోటు వెనక్కి జరుగుతుంది, పట్టూ వెనక్కి జరుగుతుంది. అప్పుడు అదే కర్ర శత్రువు వైపు ఇంకో జానెడు ఎక్కువ పొడుచుకొస్తుంది. ఎదురెదురు ఈటెల పోరులో జానెడు చిన్న సంగతి కాదు.

కవచాలన్నీ కంచువే అనుకోకండి. అవిసె నారబట్టతో చేసిన కవచాలూ ఉండేవి. అవి కుళ్ళిపోయి మనదాకా రాలేదు, కుండల మీది బొమ్మల్లో మాత్రం కనిపిస్తాయి. బట్ట బాణాన్ని ఆపుతుందా అని అనుమానం. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం గ్రీన్ బే శాఖలో గ్రెగరీ ఆల్‌డ్రెట్ అనే చరిత్ర ఆచార్యుడు విద్యార్థులతో కలిసి పాత పద్ధతిలో నేసిన నారబట్టను పొరలు పొరలుగా జిగురుతో అతికించి, సెంటీమీటరుకు పైగా మందం తెచ్చి, దాని మీద బాణాలు వేయించి చూశాడు. బాణాలు చాలావరకు ఆగిపోయాయి. గ్రీకులు పొరలను అతికించారా, బొంతలా కుట్టారా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. గుడ్డ కంచుకు తీసిపోదన్నది మాత్రం ప్రయోగంలో తేలింది.

కాడి కట్టిన మనుషులు

ఈ సామగ్రిని రాజ్యం ఇచ్చేది కాదు, ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. క్రీ.పూ. ఆరో శతాబ్దం చివరినాటి ఏథెన్స్ శాసనం ఒకటి, సలామిస్ దీవిలో స్థిరపడినవాళ్ళు 30 ద్రాక్మాల విలువైన ఆయుధాలు సమకూర్చుకోవాలని చెబుతుంది. ద్రాక్మా అంటే సుమారు 4.3 గ్రాముల వెండి. అంటే 130 గ్రాముల వెండి ఖర్చు పెట్టగలిగినవాడే ఈ వరుసలోకి వస్తాడు. పొలమూ ఎడ్లూ ఉన్న రైతు వస్తాడు. కూలీ రాలేడు.

ఏథెన్స్‌లో ఈ మధ్యతరగతికి జ్యూగిటాయ్ అని పేరు. ‘కాడి’ అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. కాడెడ్లు ఉన్నవాళ్ళు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. యుద్ధంలో పక్కవాడితో కాడి కట్టినట్టు నిలబడతారు కాబట్టి వచ్చిందని మరికొందరంటారు. రెండో అర్థమే నాకు ఇష్టం, మొదటిది నిజమైనా సరే.

గ్రీకు చరిత్రకారులు ఈ పౌరసైనికుల గురించి ఎంతో రాశారు. కూలికి పోరాడినవాళ్ళ గురించి అంతగా రాయలేదు. ఆ లోటును ఇటీవల పళ్ళు పూరించాయి. సిసిలీ దీవిలోని హిమెరా అనే గ్రీకు నగరం క్రీ.పూ. 480లో కార్తేజ్ సేనను ఓడించింది, 409లో మళ్ళీ అదే కార్తేజ్ చేతిలో నాశనమైంది. రెండు యుద్ధాల మృతుల సామూహిక సమాధులూ తవ్వకాల్లో బయటపడ్డాయి. చిన్నతనంలో మనం తాగే నీటి ద్వారా, తినే తిండి ద్వారా ఆ ఊరి నేలలోని స్ట్రాన్షియం పంటి పైపొరలో చేరి అలాగే ఉండిపోతుంది. దాని ఐసోటోపుల పాళ్ళు ఊరిని బట్టి మారతాయి. అంటే పన్ను పుట్టిన ఊరి చిరునామా దాచుకుంటుందన్నమాట. 2021లో వెలువడిన పరిశోధనలో 62 మంది పళ్ళు పరీక్షించారు. గెలిచిన మొదటి యుద్ధంలో పోయినవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు బయటివాళ్ళు, ఓడిన రెండో యుద్ధంలో దాదాపు నాలుగింట మూడు వంతులు స్థానికులే. మరుసటి ఏడాది వచ్చిన డీఎన్‌ఏ పరిశోధన ఇంకా ముందుకు వెళ్ళి, మొదటి యుద్ధపు మృతుల్లో ఉత్తర యూరప్, కాకసస్ మూలాలున్నవాళ్ళు కూడా ఉన్నారని చూపింది. పక్కన నిలబడినవాడు ఊరివాడే అయి ఉండాలని లేదు. డాలు సరిగ్గా పట్టుకుంటే చాలు.

కుడివైపుకు జరిగే గోడ

ఈ వరుసలు ఒకదాని వెనక ఒకటి, మామూలుగా ఎనిమిది నిలబడితే ఫాలాంక్స్ అవుతుంది. దూరం నుంచి చూస్తే నడిచే గోడ. ఆ గోడకు ఒక వింత రోగం ఉంది: నడిచేకొద్దీ కుడివైపుకు ఒరుగుతుంది.

కారణం తాంబాళంలోనే ఉంది. ప్రతివాడికీ తన బోసి కుడి భుజం మీదే దిగులు. కుడి పక్కవాడి డాలు చాటుకు మరికాస్త జరగాలనుకుంటాడు. వాడూ అదే పని చేస్తాడు. అందరికన్నా కుడి చివర ఉన్నవాడికి చాటు ఇచ్చేవాడు లేడు, శత్రువుకు తన బోసి పక్క దొరక్కుండా అతనూ కుడికే జరుగుతాడు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు, అయినా వేలమంది ఒకే పక్కకు కొట్టుకుపోతారు. క్రీ.పూ. 418లో మాంటినియా దగ్గర జరిగిన యుద్ధాన్ని వర్ణిస్తూ చరిత్రకారుడు తుసిడిడీస్ ఈ సంగతిని ఇలాగే వివరించాడు. చిన్న చిన్న భయాలు కలిసి పెద్ద కదలికగా మారడాన్ని ఇంత శుభ్రంగా చెప్పిన వాక్యాలు ప్రాచీన సాహిత్యంలో అరుదు.

ఆ రోజు రెండు పక్షాల కుడి రెక్కలూ ఎదుటివాళ్ళ ఎడమ రెక్కలను దాటి పొడుచుకొచ్చాయి. స్పార్టా రాజు ఏగిస్ కంగారుపడి తన ఎడమ రెక్కను ఇంకా ఎడమకు జరగమన్నాడు. దాంతో పడిన సందు పూడ్చమని కుడివైపున్న ఇద్దరు దళపతులకు కబురు చేస్తే వాళ్ళు కదల్లేదు. శత్రువు సందులోకి దూరిపోయాడు. అయినా స్పార్టావాళ్ళు గెలిచారంటే అది ఎత్తుగడ గొప్పతనం కాదు, వరుస తప్పని వాళ్ళ సాధన గొప్పతనం. కదలని దళపతులిద్దరికీ తర్వాత దేశబహిష్కారం పడింది.

రెండు గోడలు ఢీకొన్నాక ఏం జరిగేది? వెనక వరుసలవాళ్ళు ముందువాళ్ళ వీపుకు డాలు ఆన్చి రథం నెట్టినట్టు సామూహికంగా నెట్టేవారని విక్టర్ డేవిస్ హాన్సన్ వంటి చరిత్రకారులు అంటారు. హాన్స్ వాన్ వీస్ వంటివాళ్ళు ఒప్పుకోరు. ఈటె పొడవాలంటే కాస్త ఎడం కావాలి, సైనికులు పక్కకు తిరిగి నిలబడేవారు, ‘నెట్టడం’ అన్న మాటను ‘తరిమికొట్టడం’ అన్న అర్థంలో వాడారని వాళ్ళ వాదన. ఈ తగువు ఇంకా తెగలేదు. అంకెలు మాత్రం ఒకటి చెబుతాయి. చరిత్రకారుడు పీటర్ క్రెంజ్ 1985లో గ్రీకు రచనల్లోని మృతుల సంఖ్యలు లెక్కగడితే, సగటున గెలిచిన పక్షంలో నూటికి అయిదుగురు, ఓడిన పక్షంలో నూటికి 14 మంది పోయినట్టు తేలింది. గోడ నిలబడి ఉన్నంతసేపూ చావులు తక్కువ. గోడ విరిగి, డాళ్ళు పారేసి, వీపులు చూపించాకే అసలు నరమేధం.

గోడకు కుడిపక్క గౌరవస్థానం. మేటి వీరులు అక్కడే నిలబడేవారు. దాంతో ప్రతి యుద్ధంలోనూ ఇరుపక్షాల మేటివాళ్ళూ ఎదుటివాళ్ళ బలహీనుల మీద గెలిచేవారు. తీబ్స్ సేనాని ఎపమినోండస్ క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా దగ్గర ఈ సంప్రదాయాన్ని తలకిందులు చేశాడు. తన బలమంతా ఎడమవైపు పేర్చి, స్పార్టా రాజు నిలబడిన చోటికి ఎదురుగా తెచ్చాడు. స్పార్టా వరుసలు 12, తీబ్స్ వరుసలు 50. మిగతా రెక్కను వెనక ఉంచాడు. రాజు క్లియోంబ్రోటస్ పడిపోయాడు. అక్కడున్న 700 మంది స్పార్టా పౌరుల్లో 400 మంది చనిపోయారు. పౌరుల సంఖ్య అప్పటికే కరిగిపోతున్న స్పార్టా ఆ దెబ్బ నుంచి మళ్ళీ కోలుకోలేదు.

మారథాన్‌లో పరుగు

గోడ నడుస్తుంది సరే, పరిగెడుతుందా? క్రీ.పూ. 490లో మారథాన్ దగ్గర ఏథెన్స్ సేన పారసీకుల మీదికి ఎనిమిది స్టేడియాల దూరం పరిగెత్తిందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంటే సుమారు కిలోమీటరున్నర. అంత బరువుతో అది సాధ్యమా అని 1970లలో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో యువకులకు బరువులు తగిలించి, డాలు పట్టించి, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు. డాలును ఛాతీకి ఎత్తిపట్టి పరిగెత్తడమే మనిషిని త్వరగా అలసిపోయేలా చేసింది. పరుగు చివరి రెండు వందల మీటర్లలో మాత్రమే సాధ్యమన్నారు పరిశోధకులు. అది బాణాల వాన కురిసే దూరం కూడా. పరిగెత్తడానికి కారణం కూడా అదే కావచ్చు.

తర్వాత వచ్చినవాళ్ళు ఆ లెక్కను మళ్ళీ సరిచూశారు. పాత పుస్తకాలు హోప్లైట్ సామగ్రి మొత్తం బరువు 30 కిలోల పైనే ఉంటుందనేవి. దొరికిన అసలు వస్తువులు తూచి చూస్తే 20 కిలోల అటూ ఇటూ కూడా సరిపోతుందని క్రెంజ్ అంటాడు. ఆ బరువుతో జాగింగ్ లాంటి పరుగు అసాధ్యం కాదు. పైగా క్రీ.పూ. 520 నుంచి ఒలింపిక్ క్రీడల్లో డాలు పట్టుకుని పరిగెత్తే పందెమే ఉండేది. హెరొడోటస్ లెక్క ప్రకారం మారథాన్‌లో పారసీకులు 6,400 మంది, ఏథెన్స్‌వాళ్ళు 192 మంది పోయారు.

పదేళ్ళ తర్వాత పారసీక చక్రవర్తి జెర్క్సీస్ గ్రీసు మీదికి తెచ్చిన సేనలో మన ఉపఖండంవాళ్ళు కూడా ఉన్నారు. నూలు బట్టలు కట్టి, వెదురు జాతి విల్లంబులు పట్టి, ఇనుప ములుకుల బాణాలు తెచ్చారని హెరొడోటస్ ప్రత్యేకంగా రాశాడు. గ్రీకులకు నూలు అంత వింత.

వడిసెల రాయి, తోలు వారు

జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవాళ్ళకు దూరపు దెబ్బ బలం గురించి వేరే చెప్పనక్కరలేదు. గ్రీకు లోకంలో ఆ విద్యకు రోడ్స్ దీవివాళ్ళు పేరుపడ్డారు. క్రీ.పూ. 401లో పారసీక సామ్రాజ్యం నడిబొడ్డున చిక్కుకుపోయిన పదివేలమంది గ్రీకు కిరాయి సైనికులను శత్రువుల వడిసెలలు వేధిస్తుంటే, వాళ్ళలో ఒకడైన జెనోఫన్ తమలోని రోడ్స్‌వాళ్ళను పోగుచేసి 200 మందితో వడిసెల దళం కట్టాడు. శత్రువు పిడికిలంత రాళ్ళు వేస్తే వీళ్ళు సీసపు గుళ్ళు వేశారు. వాటి దూరం శత్రువు రాళ్ళకు రెట్టింపు.

ఎందుకు? సీసం సాంద్రత నీటికి పదకొండున్నర రెట్లకు దగ్గర, మామూలు రాయిది మూడు రెట్లకు లోపే. అంటే అదే బరువున్న సీసపు గుండు రాయిలో పావు వంతు చోటే తీసుకుంటుంది. బాదంగింజలా కోసుగా పోత పోస్తే గాలి అడ్డు ఇంకా తగ్గుతుంది. గాలిలో వస్తున్నది కంటికి ఆనదు. పోత పోసేటప్పుడే వాటి మీద అక్షరాలు అచ్చు వేసేవారు. ఒక గుండు మీద ‘ఇంద, పుచ్చుకో’ అన్న అర్థం వచ్చే మాట ఉంది. క్రీ.పూ. 348లో మాసిడోనియా రాజు ఫిలిప్ నేలమట్టం చేసిన ఒలింథస్‌లో అతని పేరున్న గుళ్ళే దొరికాయి.

వడిసెలవాడితో పాటు ఇంకొకడు: పెల్టాస్ట్. అల్లిన చిన్న డాలు, కొన్ని విసురు ఈటెలు, అంతే అతని ఆస్తి. ఈటె నడిమికి తోలు వారు చుట్టి, దాని కొసలోకి వేళ్ళు దూర్చి విసిరేవాడు. వారు చేతిని పొడవు చేసినట్టవుతుంది, వీడిపోతూ ఈటెను గిర్రున తిప్పుతుంది. తిరిగే వస్తువు దారి తప్పదు. క్రీ.పూ. 390లో లెకేయం దగ్గర ఏథెన్స్ సేనాని ఇఫిక్రటీస్ ఇలాంటివాళ్ళతో సుమారు 600 మంది స్పార్టా హోప్లైట్లను చుట్టుముట్టాడు. వాళ్ళు తరిమితే వీళ్ళు పరిగెత్తారు, వాళ్ళు ఆగి వెనుదిరిగితే వీళ్ళు వచ్చి కొట్టారు. సుమారు 250 మంది పడిపోయారు.

అంతకు ముందే, క్రీ.పూ. 425లో పైలోస్ దగ్గరి స్ఫాక్టీరియా దీవిలో ఇదే జరిగింది. కాలిపోయిన అడవి బూడిద లేచి కళ్ళు కమ్మగా, చుట్టూ రాళ్ళూ బాణాలూ కురవగా, స్పార్టా సైనికులు 292 మంది ప్రాణాలతో లొంగిపోయారు. స్పార్టావాడు డాలు దించడం గ్రీసులో ఎవరూ ఊహించని మాట. ఆ డాళ్ళలో ఒకటి 1936లో ఏథెన్స్ అగోరా తవ్వకాల్లో పాత నీటితొట్టిలో దొరికింది. పైలోస్‌లో లాసిడెమోనియన్ల నుంచి, అంటే స్పార్టావాళ్ళ నుంచి, ఏథెన్స్‌వాళ్ళు గెలుచుకున్నదని దాని కంచు మీదే పొడిచి రాసి ఉంది. పక్కవాడి డాలు ఎదురుగా వచ్చే ఈటెను ఆపుతుంది. ఆకాశం నుంచి వచ్చే రాయి దగ్గర దాని లెక్క తప్పింది.

ఘనమూలం తీసిన సైనికులు

క్రీ.పూ. 399లో సిరక్యూస్ పాలకుడు డయోనీసియస్ నలుమూలల నుంచి పనివాళ్ళను పిలిపించి, మంచి జీతాలిచ్చి, కొత్త యుద్ధ సామగ్రి చేయించాడు. కాటపుల్ట్ అక్కడే పుట్టిందని చరిత్రకారుడు డయోడరస్ రాశాడు. మొదట అది పెద్ద విల్లు, పొట్టతో నొక్కి ఎక్కుపెట్టేది. కొన్ని దశాబ్దాల్లో విల్లు కర్ర పోయి మెలిపెట్టిన నరాల కట్ట వచ్చింది. దారపు ఉచ్చులో పుల్ల దూర్చి మెలితిప్పి వదిలితే పుల్ల ఛెళ్ళున తిరుగుతుంది కదా, అదే సూత్రం. పుల్ల బదులు దూలం, దారం బదులు పశువుల నరాలు లేదా వెంట్రుకల తాళ్ళు.

ఎంత రాయికి ఎంత కట్ట కావాలి? క్రీ.పూ. మూడో శతాబ్దంలో బైజాంటియం ఫిలాన్ దీనికి సూత్రం రాశాడు. రాయి బరువును మినాల్లో తీసుకుని నూరుతో హెచ్చవేసి, ఘనమూలం తీసి, దానికి పదో వంతు కలిపితే నరాల కట్ట దూరే రంధ్రం అడ్డకొలత వేళ్ళలో వస్తుంది. 10 మినాల రాయికి, అంటే సుమారు నాలుగున్నర కిలోలకు, వెయ్యి ఘనమూలం 10, దాని పదో వంతు కలిపితే 11 వేళ్ళు. రాయి ఎనిమిది రెట్లు పెరిగి 80 మినాలైతే రంధ్రం రెట్టింపై 22 వేళ్ళు. ఈ సూత్రం ఊహతో వచ్చింది కాదు. అలెగ్జాండ్రియాలో రాజుల ధనసహాయంతో పనివాళ్ళు రంధ్రాన్ని పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించి కనిపెట్టారని ఫిలానే చెప్పాడు. భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఎరటోస్తనీస్ కూడా ఘనాన్ని రెట్టింపు చేసే లెక్క ఉపయోగాల్లో కాటపుల్ట్‌ను చేర్చాడు. సిసిలీ నుంచి వచ్చిన కాటపుల్ట్ బాణాన్ని మొదటిసారి చూసిన స్పార్టా రాజు ఆర్కిడామస్, ఇక మగవాడి పరాక్రమానికి రోజులు చెల్లాయని వాపోయాడట.

పన్నెండు మూరల ఈటె

హోప్లైట్‌ను చివరికి మైదానంలో గెలిచింది మాత్రం యంత్రం కాదు, ఇంకా పొడవైన కర్ర. మాసిడోనియా రాజు ఫిలిప్ తన పదాతికి సారిస్సా అనే పొడుగు ఈటె ఇచ్చాడు. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ వృక్షశాస్త్రం రాస్తూ కార్నెల్ చెట్టు ఎత్తు 12 మూరలని చెప్పి, పొడవైన సారిస్సా అంతే ఉంటుందని పోల్చాడు. మూర వాళ్ళకూ మనకూ ఒకటే కొలత, మోచేతి నుంచి వేలి కొసదాకా. అంటే సుమారు అయిదున్నర మీటర్లు. తర్వాతి కాలంలో అది 14 మూరలు, అంతకు పైన కూడా అయింది. దాని భారీ ఇనుప మొన, గొట్టం లాంటి అతుకు, వెనక ములుకు అనుకుంటున్న భాగాలు ఉత్తర గ్రీసులోని వెర్గినాలో పురావస్తు శాస్త్రవేత్త మనోలిస్ ఆండ్రోనికోస్ తవ్వకాల్లో దొరికాయి.

ఇంత కర్ర పట్టాలంటే రెండు చేతులూ కావాలి. కాబట్టి డాలు చిన్నదై, పట్టీతో మెడకూ భుజానికీ వేలాడింది. లెక్క మారిపోయింది. పక్కవాడి డాలు చేసే పని ఇప్పుడు వెనకవాడి ఈటె చేస్తుంది. ముందు వరుసలో నిలబడ్డ ఒక్కొక్కడి ముందు అయిదు వరుసల మొనలు పొడుచుకొస్తాయని చరిత్రకారుడు పోలిబియస్ లెక్కగట్టాడు. రెండున్నర మీటర్ల ఈటెవాడు ఒక్క మొన తప్పించుకుంటే ఇంకా నాలుగు ఎదురవుతాయి. వెనక వరుసల ఈటెలు ఏటవాలుగా పైకి లేచి బాణాలకు అడ్డుపడతాయి.

ఫిలిప్ కొడుకు అలెగ్జాండర్ ఈ ఈటెల అడవిని జీలం నది దాకా నడిపించాడు. క్రీ.పూ. 326లో అక్కడ పురుషోత్తముడి ఏనుగుల ముందు గుర్రాలు బెదిరాయి, సారిస్సాలు నిలబడ్డాయి. భారతీయ విలుకాళ్ళు పెద్ద విల్లును నేలకు ఆన్చి ఎడమ కాలితో తొక్కిపట్టి లాగేవారని, ఆ బాణాన్ని డాలూ కవచమూ ఆపలేవని చరిత్రకారుడు ఏరియన్ రాశాడు. ఏనుగులు మాత్రం తర్వాత గ్రీకు రాజుల సేనల్లోకే వెళ్ళిపోయాయి. పొడవు ఈటెల గోడకూ రోగం లేకపోలేదు. నేల ఎగుడుదిగుడైతే వరుసలో సందులు పడతాయి, సందులోకి పొట్టి కత్తివాడు దూరితే 12 మూరల కర్ర ఎందుకూ పనికిరాదు. క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర రోమన్లు చేసిన పని అదే.

హోప్లైట్ గోడ మాత్రం అంతకు 170 ఏళ్ళ ముందే, క్రీ.పూ. 338లో కిరోనియా దగ్గర కూలిపోయింది. ఏథెన్స్, తీబ్స్ సేనలు అక్కడ ఫిలిప్ చేతిలో ఓడాయి. తీబ్స్‌కు చెందిన 300 మంది ‘పవిత్ర దళం’ ఉన్నచోటే నిలబడి చనిపోయిందని చెబుతారు. అక్కడొక రాతి సింహం ఉంది. 1879–80లో దాని ఆవరణలో తవ్వితే 254 అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిని ఏడు వరుసల్లో, పక్కపక్కనే పడుకోబెట్టి ఉన్నారు.